పాత కారుకు కొత్త గొంతు

2014లో మేము పెద్ద కారు కొన్నప్పుడు పాయకరావుపేటలో మా వీధివారు పలువిధాలుగా అనుకున్నారు. "గల్ఫు నుంచి తమ్ముడు పంపించాడా?" అని ఒక పెద్దమనిషి ముఖం మీదనే అడిగారు. నిజానికి అది విశాఖపట్నంలో ఒక డాక్టరుగారు ఏడేళ్లు వాడి విడిచిన 2007 నాటి హోండా అకార్డ్. కొత్తలో పదిహేను లక్షల పైమాట పలికిన ఆ బండి, ఒక చిన్న కొత్త కారు ధర కంటే తక్కువకే మా చేతికి వచ్చింది. అంతటి కారు అంత చౌకగా ఎలా వస్తుందో కొన్న తరువాత గాని తెలియలేదు. బండి ధర ఏటేటా దిగిపోతుంది గాని, దాని విడిభాగాల ధర దిగదు.

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలకు ముగుస్తుంది. ఆ పైన తనిఖీ చేయించి, ఐదేసి సంవత్సరాల చొప్పున పొడిగించుకోవాలి. మా బండికి ఆ గడువు 2022 జూన్‌లో వచ్చింది. సరిగ్గా ఆ సంవత్సరం ఏప్రిల్ ఒకటి నుంచే ఆ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అదే నెల నాలుగో తేదీన మన ఊరు విశాఖ జిల్లా నుంచి విడివడి కొత్త అనకాపల్లి జిల్లాలో చేరింది. "ఈ ఇనుమును ఇకనైనా అమ్మివేయరాదా?" అని మా శ్రీమతి అడిగారు. అమ్మలేకపోయాము. ఎనభై దాటిన మా తండ్రిగారికి మోకాళ్ల నొప్పులు. కాళ్లు చాపుకొని, నడుము ఆనించుకొని విశాఖ దాకా సుమారు వంద కిలోమీటర్లు కూర్చోగలిగింది ఆ వెనుక సీటులోనే. రుసుము కట్టాము.

అసలు కథ ఆ తరువాతి శీతకాలంలో మొదలైంది. జాతీయ రహదారి మీద నక్కపల్లి దాటి పోతున్నాము. సీడీలో షేక్ మహమూద్ ఖలీల్ అల్-హుసరీ పారాయణం వినిపిస్తున్నది. దివ్య ఖుర్ఆన్‌ను ఆద్యంతం పారాయణం చేసి మొట్టమొదట రికార్డు చేసిన ఈజిప్టు ఖారీ ఆయన. అది 1961 నాటి మాట. అక్షరం పలికే నిక్కచ్చితనంలో ఆయనను ప్రమాణంగా చెప్పుకుంటారు. అటువంటిది, మా తండ్రిగారు ముందుకు వంగి, "బేటా, ఈ ఖారీ సాహెబు 'థా'నూ 'సీన్'నూ ఒక్కలాగే పలుకుతున్నారేమి?" అని అడిగారు.

మాకు నోట మాట రాలేదు. నలభై ఏళ్లపాటు వీధి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, 'థా'కు నాలుక కొసను పళ్ల నడుమ ఉంచాలని ఓపికగా దిద్దించిన మనిషి ఆయన. తోచీ తోచక శబ్దం పెంచాము. తలుపు లోపల ఏదో రేకు దడదడ కొట్టుకోసాగింది. ఆయన చెవికి చేయి అడ్డం పెట్టుకొని, "వద్దులే, తీసెయ్యి" అన్నారు. విశాఖ చేరేవరకూ ఇక మాట్లాడలేదు. కొన్ని నెలలుగా ఇంట్లో కూడా ఆయన మాటలు తగ్గిపోయిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. వయస్సు వల్ల కలిగిన మౌనమనుకొని మేమూ ఊరుకున్నాము.

ఆ వారమే రెండు పరీక్షలు జరిగాయి. ఒకటి చెవులకు, రెండవది కారుకు.

చెవుల పరీక్ష చేసినవారు ఒక గీతల పటం చూపించారు. బరువైన, లోతైన ధ్వనులు ఆయనకు దాదాపు మామూలుగానే వినిపిస్తున్నాయి. రెండు వేల హెర్ట్జ్ పైనుండి గీత కిందికి దిగిపోయింది. వార్ధక్యంలో వినికిడి తగ్గే తీరు ఇదేనట. అచ్చుల బలం కింది మెట్లలో ఉంటుంది. స, ష, ఫ, థ వంటి హల్లుల ఆనవాలు పై మెట్లలో ఉంటుంది. అందుచేత ముసలివారికి ఎదుటివారు మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు కేకలు వేయడం. మొత్తం శబ్దం పెంచితే బాగా వినిపించే లోతు ధ్వనులు ఇంకా పెరిగి, సన్నని ధ్వనులను కప్పివేస్తాయి. పైగా అటువంటి చెవికి, కొంత హద్దు దాటిన శబ్దం హఠాత్తుగా బాధ కలిగిస్తుంది. కారులో మేము చేసింది అచ్చంగా ఆ పనే.

కారు పరీక్షలో తేలినదీ చిత్రంగా అటువంటిదే. ముందు తలుపులలోని ఆరున్నర అంగుళాల స్పీకర్ల చుట్టూ ఉండే మెత్తని అంచు ఎండి చిట్లిపోయింది. ఒక పక్క సన్నని స్వరం పలికే ట్వీటరు ఎప్పుడో మూగపోయింది. పదిహేనేళ్ల ఎండకూ, మన సముద్రపు గాలికీ ఏ కంపెనీ వస్తువైనా అంతే. అంటే తండ్రిగారి చెవి దేనిని పోగొట్టుకున్నదో, కారు గొంతు కూడా దానినే పోగొట్టుకున్నది. ఆయన చేసిన ఫిర్యాదులో సగం న్యాయం ఉన్నదన్నమాట!

ఇక బాగుచేయించాలి. ఈ మాట వినగానే ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయికి ప్రాణం లేచి వచ్చింది. "అబ్బా, డిక్కీలో పన్నెండంగుళాల సబ్‌వూఫరు పెట్టిద్దాం. మా స్నేహితుడి కారులో పెట్టారు, నంబరు ప్లేటు కూడా అదురుతుంది!" అన్నాడు. నంబరు ప్లేటు అదరడం సంగీతంలో భాగమెలా అయ్యిందో మాకు తెలియదు. వాడిని కూర్చోబెట్టి ఒక లెక్క అడిగాము. దుకాణంలో పెట్టె మీద '50 వాట్లు × 4' అని అచ్చు వేస్తారు కదా, అది ఎక్కడి నుంచి వస్తుంది? వాడే కాగితం మీద కట్టాడు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది 14.4 వోల్టులు. నాలుగు ఓముల స్పీకరుకు ఆ వోల్టేజీ అంతా ఇచ్చినా సుమారు 52 వాట్లు. అదీ ధ్వని పూర్తిగా విరిగి గరగరలాడే స్థితిలో. శుభ్రంగా పలికే స్థితిలో ఇరవై వాట్ల చుట్టుపక్కలే నిలుస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచాలంటే పదింతల వాట్లు కావాలి. "అయితే డబ్బు ఎక్కడ పెట్టాలి అబ్బా?" అని వాడే అడిగాడు. నిశ్శబ్దం మీద, అన్నాము.

కారులో మాటను మింగేది రోడ్డు రొద. తలుపు రేకుల లోపలి వైపున బ్యూటైల్ రబ్బరు పలకలు అంటించడం అందుకు మొదటి పని. అంటించేటప్పుడు తలుపు అడుగున వాన నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవాలి. లేకపోతే మన తీరపు వానలకు రెండేళ్లలో తలుపు తుప్పు పడుతుంది. రెండవది, వేరు వేరు ట్వీటర్లు గల మంచి స్పీకర్ల జత ముందు తలుపులకు. మూడవది, వాటికి తగిన చిన్న యాంప్లిఫయరు. పాత రేడియోను తీసివేయలేదు. ఆ కారులో ఏసీ మీటలూ రేడియో మీటలూ ఒకే పలకలో కలిసి ఉంటాయి. పీకితే చల్లదనం కూడా పోతుంది. కనుక రేడియో నుంచి స్పీకర్లకు వెళ్లే తీగల సంకేతాన్నే యాంప్లిఫయరుకు అందించాము. వెనుక అద్దం కింద ఉన్న అండాకారపు స్పీకర్ల గొంతు బాగా తగ్గించాము. సబ్‌వూఫరు పెట్టలేదు. మా అబ్బాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

పని ఒకచోట చేయించి మోసపోయామని ఒప్పుకోవాలి. ఇంజను వేగం పెరిగినకొద్దీ స్పీకర్లలో ఈల వంటి చప్పుడు హెచ్చసాగింది. "పాత బండి కదండీ, అలాగే ఉంటుంది" అని ఆ దుకాణం వారు చేతులు దులుపుకున్నారు. చివరకు ఒక కుర్ర ఎలక్ట్రీషియను చూసి నవ్వాడు. ఎర్తు తీగను రంగు మీదనే బిగించారు! అక్కడ రంగు గీకి, రేకు మెరిసేలా చేసి మళ్లీ బిగించాడు. సంకేతపు తీగను కరెంటు తీగ పక్క నుంచి తప్పించి రెండో వైపున నడిపాడు. ఈల ఆగిపోయింది. బ్యాటరీ దగ్గర ఉండవలసిన ఫ్యూజు అసలే లేదని కూడా అతడే కనిపెట్టాడు. తీగ ఎక్కడైనా ఒరుసుకొని ఉంటే కారు తగలబడేది. ఈ పని చేయించుకునే పాఠకులు మిగిలినవన్నీ మరచినా ఆ ఫ్యూజును మాత్రం కళ్లారా చూసుకొనవలసినదిగా మనవి.

ఇరుగుపొరుగు మాట కూడా చెప్పాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఆరు వరకు 45 డెసిబెల్‌లే పరిమితి. మన పేట సందులలో ఒక సబ్‌వూఫరు కారు మెల్లగా పోతే కిటికీ రెక్కలు అదురుతాయి. లోపల పారాయణమే మోగుతున్నా, గోడ అవతలి పసిబిడ్డకు అందేది అదురు మాత్రమే.

సంక్రాంతి సెలవులకు మళ్లీ విశాఖ ప్రయాణమయ్యాము. అప్పటికి తండ్రిగారి చెవికి వినికిడి యంత్రం కూడా వచ్చింది గాని, అది పెట్టుకోవడం ఆయనకు ఇంకా చికాకు. అదే సీడీ వేశాము. అలవాటు చొప్పున మా శ్రీమతి వెనుక నుంచి పెళ్లి సంబంధం ఒకటి ప్రస్తావించారు, మేమూ అందుకున్నాము. తండ్రిగారు చేయి ఎత్తారు. పారాయణం వినబడుతుండగా చెవియొగ్గి మౌనంగా ఉండాలన్నది మాకు ఆయన నేర్పిన మర్యాదే. అన్నాళ్లూ సగం వినబడని దానిని రోడ్డు రొదలో కలిపివేసి దాని మీదనే మాట్లాడుకున్నామని సిగ్గు వేసింది. నక్కపల్లి దాటింది. ఎలమంచిలి దాటింది. ఆయన పెదవులు ఖారీ సాహెబుతో పాటు కదులుతున్నాయి. ఒకచోట కళ్లు తెరిచి, మనుమడి వైపు తిరిగి, "విన్నావా? నాలుక పళ్ల మధ్యకు వచ్చింది," అన్నారు.

అనకాపల్లి దగ్గర ఆయనే, "బేటా, కొంచెం తగ్గించు" అన్నారు. తగ్గించాము. "ఇప్పుడు చెప్పండి, ఆ సంబంధం ఏ ఊరిది?" అని అడిగారు.