అందరి పాఠం

శాఖాభేదం లేక విద్యార్థులందరూ అభ్యసించవలసినది సామాన్య విద్య. ప్రతి శాఖకూ తన శాస్త్రమే ప్రధానమైనప్పుడు, అందరికీ చెందిన ఈ పాఠం ఎవరికీ చెందనిదవుతుంది. 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘం దీని ఆవశ్యకతను నొక్కిచెప్పింది. అయితే పాఠ్యప్రణాళికలో చేర్చినంత మాత్రాన ప్రయోజనం సిద్ధించదు. అధ్యాపకుల సహకారం కావాలి.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 1919లో సమకాలీన నాగరికత అనే పాఠ్యాంశాన్ని ప్రారంభించింది. అక్కడ వేర్వేరు శాఖలవారు ఒకే గ్రంథాలను చిన్న తరగతులలో బోధిస్తారు. వారం వారం సమావేశమై చర్చించుకొంటారు. చరిత్ర అధ్యాపకుని సందేహం తత్త్వశాస్త్ర అధ్యాపకుని వద్ద తీరుతుంది.

ఇందుకు వెచ్చించే కాలం స్వీయ పరిశోధనకు లోటే. ఆ శ్రమను పదోన్నతులలో గుర్తించకపోతే సహకారం మాటలకే పరిమితమవుతుంది. గురువులు పరస్పరం నేర్చుకొన్ననాడే శిష్యులకు శాస్త్రాల నడుమనున్న బంధుత్వం బోధపడుతుంది.