పిల్లికూన అల్లరి – ఇంటివారి విధి

బాలబాలికలలో పిల్లికూనను చూచి ముచ్చటపడనివారు అరుదు. గుప్పెడంత దేహము, గాజుగోళీలవంటి కన్నులు, నిక్కబొడిచిన తోక, తూలుచు తూలుచు వేయు నడక, వీనిని చూచినవారి మనస్సు కరగకమానదు. కావుననే వీధిలో కనబడిన కూనను చొక్కాలో దాచుకొని యింటికి తెచ్చు విద్యార్థులు మనలో పెక్కుమంది యున్నారు. తెచ్చిన మొదటి వారము ఇల్లెల్ల ఉత్సవము. రెండవ మాసము వచ్చునప్పటికి కూనకు కాళ్లు గట్టిపడును. దానితోడనే ఇంటిలో ఫిర్యాదులును మొదలగును. కిటికీ తెర చినిగినది. పరుపునుండి దూది పైకి వచ్చినది. బల్లమీది గాజుగ్లాసు క్రిందపడి పగిలినది. తెల్లవారుజామున నిద్రించువారి కాలివ్రేళ్లపై దాడి జరిగినది. మూడవ మాసమున కూనను గోనెసంచిలో వేసి, ఊరిచివరనో చేపల బజారులోనో విడిచి వత్తురు. ఈ వరుస మనకు ఎంత అలవాటైపోయినదనగా, దీనిని తప్పని తలచువారే తక్కువ.

ఈ విషయమున నా యభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాను. పిల్లికూన అల్లరి దాని దుర్గుణము కాదు. అది దాని విద్యాభ్యాసము. ఆ విద్యకు చోటును, కాలమును చూపుట ఇంటివారి విధి. ఆ విధిని వహింపనొల్లనివారు కూనను తేకుండుటయే దానికి చేయగల మేలు.

కూన యెట్లు ఆడుచున్నదో కొంచెముసేపు ఓపికతో గమనింపుడు. అది పొట్టను నేలకానించి, నడుమును ఇటునటు కదల్చి, ఒక్కసారిగ దుమికి కాగితపు ఉండను పట్టును. ముంగాళ్లతో ఒడిసి, వెనుక కాళ్లతో తన్నును, కఱచి విదలించును, విడిచి మరల పట్టును. ఈ చేష్టలలో ప్రతిదియు ఎలుకను పట్టు పనిలో ఒక మెట్టు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అను సామెత ఎలుక పక్షమున పుట్టినది. కూన పక్షమున చూచినచో ఆ చెలగాటమే దాని పాఠశాల. నెల నిండునప్పటినుండి అది తోడికూనలతో పెనుగులాడసాగును. తాను గట్టిగ కఱచినచో తోడిది అరచి ఆట మానునని అచ్చటనే నేర్చును. ఎనిమిది వారములైనను నిండకమునుపే తల్లినుండి విడదీసి తెచ్చిన ఒంటరి కూనకు ఈ పాఠము సగములో ఆగిపోవును. అందుచేత మన చేతులనే అది తోడికూనలుగ నెంచి కఱచును.

పిల్లి మన యింటికి వచ్చిన విధమును కూడ తలపవలెను. ఎద్దును, గుఱ్ఱమును మనుష్యుడు పట్టి, కట్టి, మచ్చిక చేసికొనెను. పిల్లి అట్లు రాలేదు. సుమారు 10,000 సంవత్సరముల క్రిందట పశ్చిమాసియాలో ధాన్యము నిలువచేయు పల్లెలు వెలసినప్పుడు గాదెలకు ఎలుకలు చేరెననియు, ఆ యెలుకలకొఱకు అడవిపిల్లులు వచ్చెననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో ఒక మనుష్యుని యెముకలకు చేరువగ ఒక చిన్న పిల్లి యెముకలను కూడ కనుగొనిన సంగతి 2004లో ప్రకటితమయ్యెను. వేటబుద్ధి కలదనియే గదా మనుష్యులు దానిని గడప దాటి రానిచ్చిరి! దేనికొఱకు చేరదీసితిమో దానినే నేడు నేరముగ నెంచుట న్యాయమా?

కొట్టిన బాగుపడునని కొందఱందురు. తెనాలి రామకృష్ణుని పిల్లికథ మనలో తెలియనివారుండరు. ఆయన తన పిల్లికి కాగుచున్న పాలను పెట్టెను. మూతి కాలిన ఆ పిల్లి మరల పాలను చూచినంతనే పరుగెత్తిపోయెను. ఆ కథకు మనము నవ్వుదుము. కాని ఆ పిల్లి నేర్చినదేమి? మంచిచెడ్డలు కాదు, పాలకు భయపడుట మాత్రమే. చీపురుకట్టతో కొట్టినను ఫలము ఇంతియే. తెర చించిన గంటకు దెబ్బ తినిన కూనకు, ఆ దెబ్బకును తెరకును గల సంబంధము తెలియదు. కొట్టిన చేయి మాత్రము జ్ఞాపకముండును. ఆ చేయి దగ్గరకు వచ్చినప్పుడు అది మంచము క్రింద దూరును, లేదా గోళ్లు చాచును. అంతట “ఇది పొగరుబోతు పిల్లి” అని మనమే దానికి చెడ్డపేరు పెట్టుదుము.

ఈ విషయమున మన పూర్వులు మనకంటె వివేకవంతులు. పిల్లి పాలు త్రాగునని వారెఱుగుదురు. త్రాగవలదని దానికి బోధింపబూనలేదు. పాలకుండను ఉట్టిలో వ్రేలాడగట్టిరి. పిల్లి శాపములకు ఉట్లు తెగవని సామెత చెప్పుకొని నిశ్చింతగ నిద్రించిరి. పిల్లి స్వభావమును మార్చుటకంటె కుండ చోటు మార్చుట సులభమని గ్రహించినవారు వారు.

నేటి యిండ్లలో ఉట్టి కానరాకపోవచ్చును. దాని నీతి మాత్రము చెడలేదు. గాజుగ్లాసును బల్ల యంచునుండి తీసి అలమరలో పెట్టుట ఒక ఉట్టి. పిల్లి గోకుట పగచేత కాదు. గోటి పైపొర రాల్చుకొనుటకును, ఒళ్లు సాగదీసికొనుటకును, తన వాసన నిలుపుటకును గోకును. కదలని కొయ్య కొకదానికి కొబ్బరిత్రాడు చుట్టి పరుపు ప్రక్కన నిలిపినచో పరుపు మిగులును. ఒక తట్టలో ఇసుక పోసి, సందడి లేని మూలనుంచి, దినదినము శుభ్రపఱచినచో, త్రవ్వి కప్పిపెట్టు అలవాటు దానికి పుట్టుకతోనే యున్నందున ఇల్లు పాడుకాదు. కుట్టుదారమును, ఊలును పెట్టెలో పెట్టి మూయవలెను. దారపు ఉండతో ఆడు పిల్లి బొమ్మలు అందముగ నుండును గాని, మ్రింగిన దారము ప్రేగులను కోసి ప్రాణము తీయగలదు.

కాలము చూపుట రెండవ పని. పిల్లులు పగటిలో హెచ్చుభాగము నిద్రించి, ప్రొద్దుపొడుపునను ప్రొద్దుగూకునప్పుడును చుఱుకుగ నుండును. పగలెల్ల పలుకరింపని కూన తెల్లవారుజామున మన కాలివ్రేళ్లను వేటాడుటలో వింత లేదు. ఒక పుల్లకు గుడ్డపేలిక కట్టి, ఉదయము పది నిమిషములు, సాయంకాలము పది నిమిషములు, పడుకొనుటకు ముందు మరికొంతసేపు ఆడింపుడు. చివర ఆ పేలికను దానికి పట్టనిచ్చి, పిమ్మట ఆహారము పెట్టుడు. వేటాడి, తిని, ఒళ్లు నాకికొని నిద్రించుట దాని సహజక్రమము. వట్టి చేతితో మాత్రము ఆడింపరాదు. కూనగ నున్నప్పుడు వ్రేలు కఱచుట వినోదము. ఆఱు మాసములు నిండిన పిమ్మట అదియే గాయము. పిల్లి గీరినను, కఱచినను, ఆ చోటును సబ్బుతోను పారునీటితోను పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. పిచ్చికుక్క రోగము పిల్లివలనను రాగలదు గనుక, కూనకు పశువైద్యునిచే టీకా వేయించుట తప్పనిసరి.

మేడయిండ్లలో నివసించువారికి ఒక హెచ్చరిక. తలక్రిందుగ విడిచిన పిల్లి గాలిలో తిరిగి కాళ్లపై నిలుచు విధమును ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1894లో వరుస ఛాయాచిత్రములలో చూపెను. ఆ నేర్పును నమ్మి కిటికీలు తెరచియుంచరాదు. కాళ్లపై పడినను దవడయు, రొమ్మును, కాళ్లును చితికిన పిల్లులు పశువైద్యశాలలకు వచ్చుచునే యున్నవి. కిటికీకి వల బిగించుట ఖర్చు కావచ్చును. ప్రాణముకంటె ఎక్కువ కాదు.

ఆహార విషయమునను మనకు భ్రమలు కలవు. పిల్లికి పాలే ఆహారమనుకొందుము. తల్లిపాలు మానిన కూనలలో అనేకమునకు ఆవుపాలు అరుగక విరేచనములగును. పిల్లి మాంసాహారి, పాలన్నము మాత్రమే పెట్టినచో దాని కన్నులును, గుండెయు చెడగలవు. ఇంటిలోనికి మాంసమును, చేపను రానివ్వని కుటుంబములవారు ఈ సంగతిని కూనను తెచ్చుటకు ముందే యోచింపవలెను. ఉల్లి, వెల్లుల్లి దానికి విషములు. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ మాత్ర ఒక్కటియే పిల్లిని చంపగలదు.

“ఇంటిలో బంధించుట క్రూరత్వము కాదా?” అని కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. వీధిలో వాహనములు, కుక్కలు, రోగములు ఉన్నవి. ఇంటిలో ఆయుస్సు హెచ్చు. కాని ఆటలేని యిల్లు కూనకు చెఱసాలయే. తలుపు మూసినవారు ఆ మూసినదానికి బదులు ఇయ్యవలెను. కిటికీ యొద్ద కూర్చుండుటకొక పీట, దూరుటకొక అట్టపెట్టె, పైకెక్కుటకొక అరుగు, మనుష్యుని సమయములో అరగంట ఇచ్చినచో ఆ బదులు తీరును. వీనిలో బజారున కొనవలసినది దాదాపు లేదు.

తలిదండ్రులును, విద్యార్థులును కలిసి యోచింపవలసినది మరియొకటి. చాల యిండ్లలో కూనను తెచ్చినవాడు కుమారుడు. ఇసుక మార్చునది తల్లి. ముద్దు వానిది, ముఱికి ఆమెది. తల్లి విసిగి “దీనిని ఎచ్చటనైన వదలి రా” అన్ననాడు కుమారుడు ఆమె దయాహీనురాలని ఏడ్చును. నిజమునకు కూనను వీధిపాలు చేసినది ఆమె విసుగు కాదు, వాని సోమరితనము. తెచ్చిన చేయియే తట్ట కడుగవలెనని నియమమున్న యింటిలో గోనెసంచి అవసరము రాదు.

ఆకలిదప్పులపాలగునట్లు జంతువును కారణములేక విడిచిపెట్టుట మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును బట్టి నేరము. చట్టమును అటుంచుడు. ఇంటిలో పెరిగి, చిన్నెలో అన్నము తిన్న కూనకు చేపల బజారులో ముదురుపిల్లులతో పోరాడుట తెలియదు. మనలను నమ్ముట ఒక్కటే దానికి తెలిసిన విద్య. ఆ విద్యయే అచ్చట దానికి చేటగును. ఆడుకూన నాలుగైదు మాసములకే గర్భము ధరింపగలదు. రెండు మాసములు దాటునప్పటికి ఈనును. కావున తగిన వయస్సున శస్త్రచికిత్స చేయింపక వీధిలో వదలిన ఒక్క కూన మరి కొన్ని దిక్కులేని ప్రాణములకు తల్లి యగును.

విద్యార్థులారా! చక్కగ సాకిన పిల్లి 12 నుండి 15 సంవత్సరములు బ్రతుకును. మీరు ఆఱవ తరగతిలో తెచ్చిన కూన, మీరు కళాశాల ముగించి ఉద్యోగమునకు పోవునప్పటికిని మీ గడపలో కూర్చుండి యుండగలదు. దాని అల్లరి ఏడాది రెండేండ్లలో తగ్గును. అంతవరకు ఓర్చినవారికి ఆ పిమ్మట చిరకాలము నెమ్మదియైన తోడు లభించును. వేసవి సెలవులకు ఊరు పోవునప్పుడు దానిని ఎవరు చూతురు? పరీక్షల దినములలో ఇసుక ఎవరు మార్తురు? ఈ రెండు ప్రశ్నలకు ఇంటిలో అందఱి యెదుట ఉత్తరము చెప్పగలిగిన పిమ్మటనే కూనపై చేయి వేయుడు. చెప్పలేనిచో దానిని దాని తల్లి యొద్దనే యుండనిచ్చి, దినమునకొకసారి ఇంత తిండియు, నీరును పెట్టి రండు. అదియు దయయే.