మిక్సీ తిరుగుతుంటే పాట వినిపిస్తుందా?

పోయినేడాది వేసవిలో డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లాను. సూట్‌కేసు విప్పి ఆవకాయ సీసాలు బయటపెడుతున్నానో లేదో, మరదలు మెల్లగా పక్కన చేరింది.

"వదినా, మీ తమ్ముడికి నా మాటంటే లెక్కలేకుండా పోయింది. పిలిస్తే పలకరు. టీవీ పెడితే ఇల్లదిరిపోవాలి. ఆ బండి కొన్న దగ్గర్నుంచీ ఇదే వరస" అంది.

ఆ బండి సంగతి చెప్పాలి మీకు. హోండా గోల్డ్‌వింగ్. పేరుకి మోటారుసైకిలే గానీ ఆరు సిలిండర్ల ఇంజను, 1800 సీసీ పైనే. వెనక కూర్చునేవాళ్లకి సోఫాలాంటి సీటు, ముందూ వెనకా స్పీకర్లు. పైగా అందులో శాటిలైట్ రేడియో!

శాటిలైట్ రేడియో మనకీ కొత్తేం కాదు. వరల్డ్‌స్పేస్ అని ఉండేది గుర్తుందా? కిటికీలో చిన్న ఏంటెన్నా పెట్టుకుని 'స్పందన' ఛానెల్లో తెలుగు పాటలు విన్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. 2009 డిసెంబరు 31తో మన దేశంలో అది మూతపడింది. అమెరికాలో ఎక్స్ఎమ్, సిరియస్ అని రెండుండేవి. 2008లో కలిసిపోయి సిరియస్ ఎక్స్ఎమ్ అయ్యాయి. చందా కడితే సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి పాట నేరుగా బండిలోకి దిగుతుంది.

"చందా కడుతున్నానే గానీ సౌండు బాగోదక్కా. స్పీకర్లు మార్చినా అంతే" అని తమ్ముడి గోడు. సరే, ఆదివారం గ్యారేజీలో ఇంజను ఆపి, మూడు రకాలుగా పాటలు పెట్టించుకుని విన్నాను.

మొదట ఎఫ్ఎమ్. నిండుగా, కమ్మగా ఉంది. కాకపోతే ఊరు దాటి ఎనభై, వంద కిలోమీటర్లు పోతే గరగర మొదలు. డల్లాస్ నుంచి ఎల్ పాసో వెయ్యి కిలోమీటర్ల పైనే. దారి పొడుగునా స్టేషన్లు మార్చుకుంటూ పోవాల్సిందే.

తర్వాత శాటిలైట్. గొంతు కాస్త పల్చన, తాళాల మోత నీళ్లలోంచి వచ్చినట్టుంది. బోలెడన్ని ఛానెళ్లని ఇరుకు దారిలో పంపాలి గనక పాటని బాగా నొక్కి పంపుతారట. ఒక్క సూట్‌కేసులో ఇరవై పట్టుచీరలు కుక్కితే ఏమవుతుంది? చీరలు చేరతాయి, మడతలు పడతాయి. కానీ డల్లాస్‌లో పెట్టిన ఛానెలే ఎల్ పాసో దాకా వస్తుంది. దట్టమైన చెట్ల కిందా, సొరంగాల్లోనూ మాత్రం మూగబోతుంది.

చివరికి ఫోను. ముందే దింపి పెట్టుకున్న ఘంటసాల పాటలు. స్పష్టంగా, ఏ మడతా లేకుండా వినిపించాయి. దింపుకోకుండా నెట్‌లో అప్పటికప్పుడు వింటే మటుకు, టవర్లు లేని ఎడారి దారుల్లో ఆగిపోతాయి.

"ఇంకేం, ఫోనే నెగ్గింది" అన్నాను. "రోడ్డు మీద విని చెప్పు" అన్నాడు వాడు.

చీర పక్కన పెట్టి, మరదలి ప్యాంటూ కోటూ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని వెనకెక్కాను. నవ్వకండి మరి! హైవే ఎక్కి గంటకి 110 కిలోమీటర్లు అందుకునేసరికి ఒకటే గాలి హోరు. మూడూ మార్చి మార్చి పెట్టాడు. ఏది ఏదో ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. నాకు మన వంటిల్లు గుర్తొచ్చింది. మిక్సీ తిరుగుతుంటే ఖరీదైన రేడియో అయితేనేం, చవకదైతేనేం? వినిపించడం లేదని గొంతు పెంచుతాం. మిక్సీ ఆపగానే రేడియో అరుస్తుంది, ఉలిక్కిపడి తగ్గిస్తాం. వాడు అలా పెంచుకుని వారం వారం ఐదారు గంటలు తిరుగుతున్నాడు!

ఇంటికొచ్చాక అడిగాను, "చెవుల్లో గుయ్‌మంటోందిరా నాకు. నీకూ ఇంతేనా?" అని. "రాత్రి పడుకుంటే కూడా ఉంటుందక్కా" అన్నాడు నెమ్మదిగా. మరదలు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

ఇద్దరం కలిసి పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరికి పంపాం. సన్నటి శబ్దాలు వినే శక్తి కొంత తగ్గిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలనీ చెప్పారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చట. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 అయితే గంట, 100 అయితే పావుగంటే! హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు ఒక్కటే 95 దాటిపోతుంది. దాని మీద పాట వినిపించాలంటే ఇంకెంత పెంచాలో మీరే లెక్కేసుకోండి.

మందు చూస్తే చవకైనదే. మెత్తటి స్పంజి బిరడాలు వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే, అవి ఉబ్బి హోరుని తగ్గిస్తాయి. "హారన్ వినబడదేమో" అని భయపడ్డాడు గానీ, హోరు తగ్గాక హారనూ, అంబులెన్సూ తెలుస్తూనే ఉన్నాయట. సంగీతానికి హెల్మెట్ లోపలే చిన్న బ్లూటూత్ స్పీకర్లు పెట్టుకున్నాడు. చెవి పక్కనే గనక తక్కువ సౌండు చాలు. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దన్నాను. కాలిఫోర్నియాలో బండి నడుపుతూ రెండు చెవులకీ పెట్టుకోవడం నేరం కూడా. తమాషా ఏమిటంటే, వాడు తిట్టిపోసిన శాటిలైట్ రేడియోనే ఇప్పుడు బాగుందంటున్నాడు!

నేను బయల్దేరే ముందు మరదలంది, "ఇన్నాళ్లూ లెక్కలేనితనం అనుకుని ఎన్ని మాటలన్నానో వదినా" అని. ఇప్పుడు ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడుతోందట. వాడూ పలుకుతున్నాడట.

మన పిల్లలూ హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్లు దూర్చుకుని బండెక్కుతున్నారు. మా వాడికి ఊరొచ్చిన రోజే తీయించేశాను. బండి దిగాక ఎవరైనా మీ మాటకి "ఆఁ? ఏంటీ?" అంటున్నా, టీవీ సౌండు పెంచుతున్నా కోప్పడకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి.