మిస్సింగ్‌కు నిదానం

మోటారు సైకిలును మెకానిక్కు ముందు నిలిపి మనలో చాలామంది చెప్పే వాక్యం ఒక్కటే: "బండి మిస్సింగ్ ఇస్తోంది." ఈ వాక్యంలో కర్త ఉన్నది, క్రియ ఉన్నది, క్రియావిశేషణం మాత్రం లేదు. ఎప్పుడు? ఎంతదూరం పోయిన తరువాత? మిట్ట ఎక్కుతున్నప్పుడా, సమతలం మీదనా? తెల్లవారి తొలి కిక్కుకా, ఇంజను బాగా కాగిన మీదటనా? వాన తడిసిన మర్నాడా? ఇవేమీ చెప్పకుండా తాళపుచెవి అతని చేతికిచ్చి బల్ల మీద కూర్చుంటాము. అతడు అలవాటు చొప్పున కార్బురేటరు విప్పుతాడు. సాయంత్రానికి కొత్త జెట్టు, కొత్త ప్లగ్గు, ఒక్కొక్కప్పుడు ఏకంగా కొత్త కార్బురేటరే వచ్చి చేరుతుంది. మూడవనాటికి మిస్సింగ్ కూడా తిరిగి వస్తుంది. పాత బండ్ల మీద మనం తగలేసే సొమ్ములో సగానికి కారణం ఆ లోపించిన క్రియావిశేషణమేనని నా అభిప్రాయం. మెకానిక్కును తిట్టుకొనే ముందు, సాక్ష్యం సరిగా చెప్పని యజమానిని నిలదీయవలసి ఉన్నది.

'నిదానం' అనే మాటకు తెలుగులో తొందరపాటు లేకపోవడమని అర్థం. సంస్కృతంలో మూలకారణమని. ఆయుర్వేదంలో రోగాన్ని గుర్తించడానికి అయిదు సాధనాలు చెప్పారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. మాధవకరుని గ్రంథానికి 'మాధవనిదానం' అని పేరు రావడం ఇందువల్లనే. వీటిలో నాకు మిక్కిలి నచ్చినది ఉపశయం. రోగం అంతుపట్టనప్పుడు ఒక ఔషధమో ఆహారమో ఇచ్చి, ఉపశమించినదా లేదా అని చూచి, దానినిబట్టి రోగాన్ని నిశ్చయించడం. పాత బండి విషయంలో ఇంతకు మించిన ఉపాయం లేదు. పైగా దీనికి ఖర్చు ఉండదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పాయింట్లు ఉన్న పాత బుల్లెట్ 350 బయలుదేరినప్పుడు చక్కగా పోతుంది. పది పన్నెండు కిలోమీటర్ల తరువాత దగ్గి, తడబడి, ఆగిపోతుంది. చెట్టు నీడన కాసేపు నిలిపితే మళ్ళీ స్టార్టవుతుంది. ఈ ఒక్క లక్షణానికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. మొదటిది, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలిరంధ్రం దుమ్ముతో పూడిపోవడం. పెట్రోలు దిగినకొద్దీ లోపలికి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు దిగడం మానుతుంది. రెండవది, కండెన్సరో ఇగ్నిషన్ కాయిలో వేడెక్కి శక్తి కోల్పోవడం. రెంటికీ మందు ఒకటి కాదు. బండి ఆగిన క్షణాననే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, కొన్ని క్షణాలలో ఒకటి రెండు కిక్కులకే అందుకొన్నదా? దోషం మూతది, గుండుసూదితో పోయే రోగం. మూత తెరచినా కదలక, ఇంజను చల్లారితే గాని స్టార్టు కాకపోతే కండెన్సరునూ కాయిలునూ అనుమానించండి. ఇదే ఉపశయం. నీడన విశ్రాంతి ఇస్తే రెండు రోగాలూ తగ్గినట్లే కనిపిస్తాయి గనుక, విశ్రాంతి ఇచ్చే ముందే పరీక్ష చేయాలి.

కండెన్సరు గురించి మరి రెండు మాటలు. చిటికెనవేలంత లేని ఈ డబ్బీని తయారీదారులే తప్ప ఎవరూ తలచుకోరు. ఇది చెడితే పాయింట్లు విడివడిన ప్రతిసారీ వాటి నడుమ నిప్పురవ్వలు ఎక్కువగా ఎగిరి, ముఖాలు కాలి గుంటలు పడతాయి. ప్లగ్గుకు చేరే శక్తి క్షీణిస్తుంది. మెకానిక్కు పాయింట్లను ఎమెరీ కాగితంతో రుద్దుతాడు, లేదా కొత్తవి వేస్తాడు. అవీ త్వరలోనే కాలుతాయి. కొత్త పాయింట్లు మాటిమాటికీ కాలుతున్నవంటే కండెన్సరు మార్చకుండా పాయింట్లు మార్చడం చిల్లికుండలో నీరు పోయడమే. ఇక పాయింట్ల ఎడం: సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. క్యాముకు ఆనే మడమ అరిగినకొద్దీ ఈ ఎడం తగ్గి, నిప్పు పడే సమయం వెనుకబడుతుంది. ఫీలర్ గేజి వెల స్వల్పం. కంటి అంచనాతో ఎడం సరిచేసే చేతిని నేను నమ్మను, అది ఎంత అనుభవజ్ఞుని చేయి అయినా సరే.

మరొక భ్రమ ఉన్నది. ప్లగ్గు ఊడదీసి, దాని లోహభాగం ఇంజనుకు తగిలేటట్లు పెట్టి కిక్కు కొట్టి, నీలిరవ్వ చూచి "కరెంటు బాగుంది" అని తీర్పు చెప్పేస్తారు. బయటి గాలిలో రవ్వ దూకడం సులభం. సిలిండరులో గాలి ఒత్తిడి ఎక్కువ. అక్కడ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. బయట వెలిగిన ప్లగ్గు లోపల, అందులోనూ మిట్ట ఎక్కేటప్పుడు, వెలగకపోవచ్చు. కనుక ఆ పరీక్షలో రవ్వ లేకపోతే దోషమున్నదని తెలుస్తుంది గాని, ఉన్నంత మాత్రాన నిర్దోషమని తేలదు. చీకటిలో ఇంజను నడిపి ప్లగ్గు వైరు పొడవునా చూడడం మేలు. పగిలిన తొడుగు నుండి రవ్వలు కారుతూంటే కళ్ళకు కట్టినట్లు కనబడతాయి.

చెవిని కూడా వాడుకోవాలి. ఫోర్‌స్ట్రోకు ఇంజనులో రెండు చుట్లకు ఒక పేలుడు. నిమిషానికి 900 చుట్ల నిలకడలో 450 పేలుళ్ళు. ఛందస్సు చదివినవానికి ఈ నడకలో గణభంగం పట్టుకోవడం కష్టం కాదు. స్విచ్చి కట్టినట్లు తటాలున తెగి తటాలున అందుకొంటే చాలావరకు కరెంటు దోషం. నీరసించి, జారి, ఈడ్చుకుంటూ తగ్గితే పెట్రోలు దోషం. తప్పులేని సూత్రమని అనను, వెతకడం ఎక్కడ ప్రారంభించాలో మాత్రం చెబుతుంది. టూస్ట్రోకు యెజ్డీ, రాజ్‌దూత్ యజమానులకు ఒక హెచ్చరిక: పెట్రోలు పాలు మరీ ఎక్కువైతే ఆ ఇంజన్లు చుట్టు విడిచి చుట్టు పేలుతాయి. వినడానికి అచ్చం మిస్సింగే, కాని నిప్పుకు దానితో సంబంధం లేదు.

కార్బురేటరు ఎప్పుడూ నిర్దోషి అని నా వాదం కాదు. నెలల తరబడి నిలిపిన బండిలో పెట్రోలు జిగురుకట్టి చిన్న జెట్టును మూసివేస్తుంది. అప్పుడు నిలకడలో ఆగిపోతూ, వేగంలో బాగానే పోతుంది. చోక్ కొద్దిగా లాగితే నడక కుదుటపడినదంటే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదన్నమాట; జెట్టు పూడి ఉండాలి, లేదా కార్బురేటరు అతుకు దగ్గర గాలి చొరబడుతూ ఉండాలి. ఇదీ ఉపశయమే.

ఇప్పుడు ప్రతి దోషాన్నీ ఇథనాలు మీదకు నెట్టడం వాడుకైనది. 2022లో పెట్రోలులో 10 శాతానికి, 2025లో 20 శాతానికి ఇథనాలు చేరిన మాట నిజం. అందులో ఆక్సిజన్ ఉండడం వలన పాత కార్బురేటరులో మిశ్రమం కొంత పలుచబడుతుంది, తేమను పీల్చుకొంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరచగలదు. గొట్టం మార్చుకోండి, బండిని నెలలపాటు నిండు ట్యాంకుతో నిలపకండి. అయితే వేడెక్కినప్పుడు మాత్రమే తెగి, చల్లారగానే అందుకొనే బండి విషయంలో ఇథనాలును తిట్టుకుంటూ కూర్చుంటే కండెన్సరు బాగుపడదు.

ఈసారి మెకానిక్కు వద్దకు పోయే ముందు ఒక చీటీ రాసుకొని వెళ్ళండి: ఎన్ని కిలోమీటర్ల తరువాత, వేడిలోనా చలిలోనా, తటాలునా మెల్లగానా, మూత తెరిస్తే ఏమైనది, చోక్ లాగితే ఏమైనది. ఒకసారికి ఒక్క భాగమే మార్చమని, తీసిన భాగాన్ని మీ చేతికిమ్మని అడగండి. నాలుగూ ఒక్కరోజే మార్చిన చోట బండి బాగుపడినా, ఏ భాగం చెడినదో అతనికీ తెలియదు, మీకూ తెలియదు. చీటీ చూచి నవ్వే మెకానిక్కులు ఉంటారు. చదివి, కార్బురేటరు జోలికి పోకుండా ముందుగా పాయింట్ల మూత విప్పేవాడు దొరికితే అతనిని వదలకండి. అటువంటివారు ఊరికి ఒకరిద్దరే మిగిలారు.