శెనక్కాయలు వొలిచిన వేళ్ళు

"మీ ఇండ్లలో చదువుకునే వాతావరణమే లేదు." బడికి పోయిన మొదటి నాటినుంచి ఈ మాట వింటాండా. ఇప్పుడు నేనే సర్కారు పంతుల్ని. స్టాఫ్ రూములోనూ అదే మాట. ఒకనాడు నా నోట్లోంచే వచ్చింది. అందుకే ఇది రాస్తాండా.

మాది బుక్కపట్నం కాడ మాదిగ గేరి. అంత పెద్ద చెరువు పక్కనుండీ దాని కింద సెంటు మడి లేనోళ్ళం. చెరువు నిండినా ఎండినా మాకు కూలే గతి. ఎండాకాలం ఆఖర్లో విత్తనాల శెనక్కాయల మూటలు మా ఇంటికొచ్చేవి. ఆసామి తూకమేసి ఇచ్చేవాడు, వొలిచినంక మళ్ళా తూకమేసుకునేవాడు. జేజి కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్ట కప్పేది. తొక్క మెత్తబడినంక చుట్టూ కూచుంటిమి. నాకు ఆరేండ్లు, చెల్లెలికి నాలుగు. మంచి పప్పు ఒక చాటలోకి, పుచ్చులు ఇంకో చాటలోకి, పొట్టు పొయ్యిలోకి. పప్పు చితికితే మొలవదు, కూలి కోసేస్తాడు. బొటనేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టేది. మేం నిద్రపోకుండా జేజి కథలు చెప్పేది. తూకం తగ్గుతుందని భయపడతానే చెరి నాలుగు గింజలు నోట్లో పెట్టేది.

జూన్లో బడి తెరిస్తే పంతులు చేతులు చూపమన్నాడు. నల్లబడిన గోరు చూసి, శుభ్రత లేదని వేళ్ళ మీద స్కేలుతో కొట్టినాడు. ఏం పని చేసినావురా అని మాత్రం అడగలేదు.

అయ్యా పండితులారా! నాలుగేండ్ల పిల్ల మంచీ పుచ్చూ వేరు చేస్తే దాన్ని శిక్షణ తరగతుల్లో వర్గీకరణ అంటారు. గుప్పెట్లు లెక్కబెడితే గణితం అంటారు. మీ పిల్లోల్లు రంగుపూసలతో చేస్తే చదువు, మా పిల్లోల్లు ఆసామి కాయలతో చేస్తే వెనకబాటుతనమా?

అట్లని పనే గొప్ప చదువని పొగిడేవాళ్ళూ మాకొద్దు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒకపూట బడి, రెండోపూట అమ్మానాయనల పని అని పథకం తెచ్చినాడు. ఇది కులవిద్య అని పెరియార్ ఎదురుతిరిగినాడు. 1954లో రాజాజీ దిగిపోయినాడు, కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేసినాడు. పీడ పోయిందనుకుంటిమి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదంటానే, బడి అయినంక, సెలవుల్లో, ప్రమాదం లేని పనైతే కుటుంబానికి సాయం చెయ్యొచ్చని సందు వదిలినారు.

ఆసామి మూట మా ఇంట్లోకొస్తే అది ఎవరికి సాయం? విత్తనం ఆయనది, పంట ఆయనది. కూలి జేజి పేర్న. పిల్లోల్ల వేళ్ళు ఎవరి లెక్కలోనూ లేవు. ఇంట్లో జరిగేది కాబట్టి పని కాదంట! ఆ సందులోనే మా పసితనం పోయింది.

పోయినేడు రెండో తరగతి పిల్ల బల్ల మీద నిద్రపోతాంటే లేపి నేనూ అన్నా, "మీ ఇంట్లో చదువుమీద ధ్యాసే లేదా?" అని. ఆ పిల్ల చెయ్యి వెనక్కు దాచుకునింది. బొటనేలు నల్లగా ఉంది. మిషన్లొచ్చినా విత్తనానికి చేత్తో వొలిచిన పప్పే కావాలంటారు కదా. ఇరవై ఐదేండ్ల కిందటి పంతులు నా గొంతుతో మాట్లాడినాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

తమ్ముళ్ళారా, చెల్లెండ్లారా! మా గేరికి సర్వేకొస్తే ఇంట్లో పుస్తకాలెన్ని అని మాత్రమే అడిగి పోవద్దు. మూట ఎవరిది, కూలెంత, రాత్రి ఎంతమంది వొలిచినారు అని అడగండి. మా అమ్మలకు కడుపు నిండే కూలి ఇస్తే పిల్లోల్లు ఆ చాట కాడికే రారు.

మా ఇంట్లో లెక్క ఉండింది, కథ ఉండింది, కథ చెప్పే జేజి ఉండింది. లేంది న్యాయమైన కూలి. దానికి వాతావరణం అని పేరు పెట్టొద్దు.