ఖులా భిక్ష కాదు, హక్కు

తలాఖ్ అన్న మాట మగవాని నోట వెలువడితే అది షరీయత్ అంటారు. ఖులా అన్న మాట స్త్రీ నోట వెలువడితే కాపురం కూల్చుకోవడమంటారు. గాంధారి వంటి మండలాల నుండి హైదరాబాదు బస్తీల దాకా మన పెద్దమనుషులు చాలామంది ఈ రెండు నాలుకలతోనే తీర్పు చెబుతున్నారు.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. జస్టిస్ మౌసమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్‌రావుల ధర్మాసనం ప్రకారం ఖులా ముస్లిం స్త్రీకి సంపూర్ణమైన హక్కు. భర్త సమ్మతి అవసరం లేదు. మెహర్ వాపసు గురించి అతడు మాట్లాడుకోవచ్చునే గాని, ఆమెను బలవంతాన భార్యగా నిలిపి ఉంచలేడు. ముఫ్తీ అభిప్రాయం సలహా మాత్రమే. ఖులానామా తప్పనిసరి కాదు. కుటుంబ న్యాయస్థానం సైతం విచారణను సాగదీయరాదు.

ఇది ధర్మంలో జోక్యమని కొందరి ఆక్రోశం. కాదు. అల్‌బఖరా సూరా 229వ ఆయతు ఈ ద్వారాన్ని ఏనాడో తెరిచింది. సాబిత్ బిన్ ఖైస్ భార్య దైవప్రవక్త (స) ఎదుట భర్త గుణాన్ని నిందించలేదు, అతనితో ఉండలేనన్నది. మెహర్‌గా పొందిన తోటను తిరిగి ఇస్తావా అని మాత్రమే ఆయన అడిగారు. నేరం రుజువు చేయమనలేదు. 1937 షరీయత్ చట్టం తలాఖ్ సరసనే ఖులాను పేర్కొన్నది. న్యాయస్థానం ఇచ్చింది కొత్త హక్కు కాదు, మనం దాచిపెట్టిన హక్కు.

గాంధారి, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతం బీడీ చాటలకూ గల్ఫ్ వలసలకూ పేరుపడ్డది. చాట ఒళ్లో పెట్టుకొని సంసారం ఈడ్చే స్త్రీని, ఎడారి దేశంలోని భర్త సంతకం తెమ్మనడం ఏ న్యాయం? రెండేళ్లు పోషణ ఇవ్వకున్నా, నాలుగేళ్లు ఆచూకీ లేకున్నా వివాహం రద్దు కోరవచ్చని 1939 చట్టమే చెబుతున్నది. ఆ మాట ఆమెకు చెప్పిన పెద్దలెందరు?

మన స్త్రీల కన్నీటిని మన మీదికే ఆయుధంగా విసిరేవారికీ ఒక మాట. 2019 చట్టం తక్షణ తలాఖ్ చెప్పిన భర్తకు మూడేళ్ల జైలు చూపింది. జైలులో ఉన్నవాడు మనోవర్తి ఎక్కడినుండి తెస్తాడో చూపలేదు. స్త్రీకి కావలసింది భర్తకు సంకెళ్లు కాదు, తనకు విడుదల.

కనుక మస్జిద్ కమిటీలు భర్త సంతకం కోసం స్త్రీని తిప్పడం మానాలి. నిఖానామాలోనే తఫ్‌వీజ్ షరతు రాయించాలి. నిఖా నాడు ఆమె ‘ఖబూల్’ లేనిదే పెళ్లి చెల్లదంటాం. ఆ నోటికే రేపు ‘చాలు’ అనే అధికారం లేదనడానికి మనమెవరం?