సెల్‌ఫోనులోని అమానతు

ఆస్తి పంపకం గురించి తెలుసుకోవడానికి మా వద్దకు వచ్చే కుటుంబాలను ఆస్తి ఎంత ఉన్నదని మేము ముందుగా అడగము. మరణించినవారు ఎవరికైనా బాకీ ఉన్నారా అని అడుగుతాము. ఖననపు ఖర్చులు పోగా మొదట అప్పులు తీరాలి. తరువాత మూడోవంతుకు మించని వసీయతు నెరవేరాలి. వారసుల వాటాలు ఆ పిదపనే. పూర్వం ఈ ప్రశ్నకు సమాధానం బీరువాలోని లెక్కల పుస్తకంలో లభించేది. నేడు మాకు తరచుగా వినవచ్చే జవాబు వేరు: "అన్నీ అబ్బా ఫోనులోనే ఉన్నాయి మౌలానా సాహెబ్. దాని లాక్ మాలో ఎవరికీ తెలియదు."

అప్పును వ్రాసి పెట్టుకోవాలన్న ఆదేశం దివ్య ఖుర్‌ఆన్‌లోకెల్లా సుదీర్ఘమైన ఆయతులో (అల్ బఖరా: 282) ఉన్నదని పాఠకులకు తెలుసు. వ్రాసినదానిని అవసరమైన రోజున చదవగలిగినప్పుడే వ్రాతకు ప్రయోజనం. తెరుచుకోని ఫోనులోని లెక్క వ్రాయని లెక్కతో సమానం.

అప్పుల సంగతి ఒక్కటే కాదు. నికాహ్‌నామా నకలు, పొలం దస్తావేజుల ఫొటోలు, పిల్లల ధ్రువపత్రాలు, ఉమ్రా నాటి చిత్రాలు, నేడు మన మధ్య లేని నానీ గొంతులో ఒక దుఆ. ఒక ఇంటి హక్కులూ జ్ఞాపకాలూ అరచేతిలోని పరికరంలో చేరిపోయాయి. చేరినవన్నీ భద్రంగా ఉన్నట్లేనని మనం భావిస్తున్నాము.

కాగితానికీ వీటికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో శతాబ్దాల నాటి చేతివ్రాత ఖుర్‌ఆన్ ప్రతులు ఉన్నాయి. వాటిని చదవడానికి చూపు, వెలుతురు, లిపి పరిచయం చాలు. ఫైలును చదవడానికి పరికరం కావాలి, తగిన సాఫ్ట్‌వేర్ కావాలి. గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఒకప్పుడు తమ మాటలను క్యాసెట్లలో నింపి ఇంటికి పంపేవారు. ఆ క్యాసెట్లు కొన్ని ఇళ్లలో నేటికీ ఉన్నాయి, వినిపించే టేప్‌రికార్డర్లు లేవు. 1.44 ఎంబీ ఫ్లాపీలకూ ఆ గతే పట్టింది. ఇన్‌పేజ్‌లో టైపు చేసిన పాత ఉర్దూ ఫైళ్లు ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరులో తెరుచుకోవు. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు ఆ ఫాంట్లు లేనిచోట అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. అటువంటి వ్రాతలను చదవగలిగినప్పుడే యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్‌గా కూడా భద్రపరచుకోవాలి.

ఒకేచోట ఉన్న వస్తువును భద్రమైనదిగా పరిగణించరాదు. మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలని, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలని ఈ విద్య తెలిసినవారు చెబుతారు. ఫోనులో ఒకటి, ఇంట్లోని హార్డ్‌డిస్కులో ఒకటి, వేరే ఊరిలోని కుమార్తె వద్దనో సోదరుని వద్దనో ఒకటి ఉంచవచ్చును. అప్పుడు దొంగతనమో వరదో ఒకచోట నష్టం కలిగించినా మరొకచోట మిగులుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి పెట్టెలో పడవేసి నమ్ముకోవడం తగదు. అందులోని సమాచారం విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, కాలక్రమేణా అది క్షీణిస్తుంది.

ఇంటర్నెట్‌లో దాచినదానికీ షరతులు ఉన్నాయి. 2021 జూన్ 1 నుండి గూగుల్ ఫొటోలకు అపరిమితమైన ఉచిత స్థలం ఇవ్వడం మానివేసింది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునన్న నిబంధనను 2023లో ప్రకటించింది. వాట్సాప్‌లో సాధారణంగా పంపిన ఫొటో పరిమాణం తగ్గి చేరుతుంది. అసలు నాణ్యత నిలవాలంటే దానిని డాక్యుమెంటుగా పంపాలి.

ప్రతులు తీసిపెట్టి మరచిపోతే చాలదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సాధారణ కుటుంబాలకు ఇచ్చిన సలహా ఇది: ఏడాదికి ఒకసారైనా ఫైళ్లను తెరిచి చూడాలి, ఐదేళ్లకు ఒకసారి కొత్త సాధనంలోకి ఎక్కించాలి. మన ఇళ్లలో జకాత్ లెక్క వేసే రోజు ఏటా ఒకటి ఎలాగూ ఉన్నది. ఆ పూటే ఈ పనీ పూర్తి చేయవచ్చును. అప్పుడే అనవసరమైన వేలాది చిత్రాలను తొలగించాలి. మిగిలినవాటికి సంవత్సరం, ఊరు, మనుషుల పేర్లు వ్రాయాలి. పేరు లేని ఫొటోలోని మనిషి రెండు తరాల తరువాత ఎవరికీ ఏమీ కాడు. ఇతరుల కంటపడకూడని కుటుంబ స్త్రీల చిత్రాలను వేరుగా ఉంచి, ఫోనును మరమ్మతుకు ఇచ్చే ముందు తీసివేయడం మరువరాదు.

కాగితపు అసలు పత్రాలను మాత్రం పారవేయకండి. ప్రభుత్వ సంస్థలు డిజీలాకర్‌లో నేరుగా జారీ చేసిన పత్రాలకు చట్టం అసలు పత్రాల హోదా ఇచ్చింది. మనం ఫొటో తీసి అందులో ఎక్కించిన నకలుకు ఆ హోదా లేదు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది తాళంచెవి. మనం నిర్ణయించిన గడువు వరకు ఖాతాను వాడకపోతే, మనం ఎంచుకున్న వ్యక్తికి అందులోని సమాచారం అందేలా చేసే సౌకర్యం గూగుల్‌లో 2013 నుండి ఉన్నది. మరణానంతరం ఖాతాను చూడగల వ్యక్తిని ముందుగా పేర్కొనే వీలు యాపిల్ ఫోన్లలో 2021 డిసెంబరులో వచ్చింది. ఇవేవీ చేతకానివారు ఫోను లాక్‌ను, ఈమెయిల్ సంకేతపదాన్ని కాగితం మీద వ్రాసి, కవరులో మూసి, వసీయతు పత్రంతో పాటు ఉంచవచ్చును. బ్యాంకు పిన్నులు అందులో వ్రాయకూడదు. ఆ డబ్బు నామినీ ద్వారా, వారసుల ద్వారా బ్యాంకు పద్ధతిలోనే రావాలి. మరణించినవారి ఫోను నంబరును కూడా వెంటనే రద్దు కానీయవద్దు. అనేక ఖాతాల ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి.

ఆ కవరు ఎవరి చేతికి ఇవ్వాలన్నది ప్రతి కుటుంబమూ ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయం. పెద్దకొడుకే కానక్కరలేదు. రహస్యం కాపాడగలవారై, ఏటా గుర్తుంచుకుని ఈ పని చేయగలవారై ఉంటే చాలు. అనేక ఇళ్లలో ఆ ఓర్పు ఆడపిల్లలకే ఎక్కువ. ఎవరికి అప్పగించినా అది అమానతు అని చెప్పి అప్పగించండి. ఈ వారంలోనే మీరు ఇవ్వవలసిన, మీకు రావలసిన బాకీలను ఒక కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఆ కవరులో ముందుగా చేర్చండి.